అవసరానికీ ఉద్యోగానికీ నడుమ

"తర్వాత ఏం చేస్తుంది?" అన్న ప్రశ్న మన ఇళ్లలో అన్ని చదువులకూ పడదు. బీటెక్‌లో చేరిన పిల్లను ఎవరూ ఆ మాట అడగరు. నర్సింగ్ అంటే ఆస్పత్రి కళ్లముందు కనబడుతుంది. బీకాం అంటే బ్యాంకో, ఆడిటర్ ఆఫీసో, ఏదో ఒకచోట కుర్చీ వేసి పిల్లను కూర్చోబెట్టి చూసుకోవచ్చు. బీఏ సైకాలజీ అన్నప్పుడు మాత్రం ఎదుటివాళ్లకు ఏమీ తోచదు. ఆ కుర్చీ ఎక్కడ ఉంటుంది, ఎవరు వేస్తారు, ఒకటో తారీఖున జీతం ఎవరిస్తారు? ఆ తోచకపోవడంలోంచే ప్రశ్న పుడుతుంది. అడిగేవాళ్లకు పిల్ల మీద ఎంత ప్రేమ ఉంటే అంత గట్టిగా అడుగుతారు.

మా చెల్లెలి కూతురు ఆ చదువే చదువుతోంది. హనుమకొండ పిల్ల. ఇంటర్‌లో మంచి మార్కులే వచ్చాయి. డిగ్రీ ప్రవేశాలకు దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునేటప్పుడు సైకాలజీ ఉన్న కాంబినేషన్లన్నీ ముందు వరసలో పెట్టింది. హైదరాబాద్‌లో కాలేజీ, అమీర్‌పేటలో హాస్టల్. ఇప్పుడు ఆఖరి సంవత్సరం. ఎవరూ బలవంతపెట్టలేదు, తనే కోరి తీసుకుంది. ఆ ఇష్టం ఇప్పటికీ తగ్గలేదు. కానీ ఈమధ్య ఫోన్లో మాట ఎక్కడ మొదలైనా చివరికి ఒక్కచోటికే వచ్చి ఆగుతోంది. "పెద్దమ్మా, నాకు ఉద్యోగం వస్తదంటావా?"

"వస్తది బిడ్డా" అనేయడానికి నోరు ఊరికే లేస్తుంది. కానీ ఆ పిల్ల ధైర్యం చెప్పమని అడగడం లేదు, సమాధానం అడుగుతోంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. పిల్లలు నిజంగా అడిగిన ప్రశ్నకు నిజంగా ఆలోచించి చెప్పాలన్నది నాకు అలవాటైపోయిన సంగతి. అందుకే కొన్నాళ్లుగా ఈ విషయం మీదే నా మనసు తిరుగుతోంది.

ఇంట్లో అందరికంటే ఎక్కువ భయపడుతున్నది ఆమె తండ్రి, మా మరిది. హనుమకొండలో మందుల షాపు నడుపుతాడు. ఆ చదువు చదివినవాళ్లు మన ఊళ్లకు ఎంత అవసరమో మా అందరికంటే బాగా తెలిసినవాడు కూడా ఆయనే. రాత్రి షట్టర్ దించే వేళకు ఒకామె వచ్చి నిద్రమాత్ర అడుగుతుంది. డాక్టరు చీటీ ఏదమ్మా అంటే లేదంటుంది. చీటీ లేకుండా ఇవ్వనంటే వెళ్లిపోదు. కౌంటర్ పట్టుకుని నిలబడి తనకు నిద్ర ఎందుకు పట్టడం లేదో చెప్పడం మొదలుపెడుతుంది. ఒక కుర్రాడు గుండెదడ అని గ్యాస్ బిళ్లలు కొంటాడు. ఈసీజీ తీయించాడు, అంతా బాగానే ఉంది. ఎప్‌సెట్ దగ్గరికొచ్చిన కొద్దీ దడ పెరుగుతోంది. భార్య పోయిన ఒక పెద్దాయన ఏదో ఒక వంక పెట్టుకుని వస్తాడు. ఒకరోజు విక్స్ డబ్బా, ఇంకోరోజు జిందా తిలిస్మాత్. కొన్నాక బెంచీ మీద పావుగంట కూర్చుని, వచ్చేపోయేవాళ్లను చూసి, ఇంటికి వెళ్తాడు. మా మరిది ఓపికమంతుడు, అందరి మాటా వింటాడు. ఒకసారి నాతో అన్నాడు, "వదినా, వచ్చేటోళ్లల్ల సగం మందికి కావాల్సింది నా షాపుల లేదు" అని.

షాపులో లేని ఆ సంగతిని నేర్చుకుంటానని కూతురు అన్నప్పుడు మాత్రం ఆయన తిండి సయించక కూర్చున్నాడు. బంధువుల్లో కొందరు దాన్ని మూర్ఖత్వమన్నారు. నేను ఒప్పుకోను. ఆయన చెబుతున్నవి రెండు వేరు వేరు నిజాలు. జనానికి అవసరం ఉందన్నది ఒకటి. ఆ అవసరానికి ఎవరో జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటారా అన్నది ఇంకొకటి. దాహం ఉంది కదా అని ఊళ్లో బావి తనంతట తాను తవ్వుకోదు. ఒక పని ఉద్యోగం కావాలంటే దానికి పేరు పెట్టాలి, అర్హత రాయాలి, బడ్జెట్‌లో పద్దు చూపించాలి, జీవో రావాలి, నోటిఫికేషన్ పడాలి. ఇవేవీ జరగనంతకాలం అవసరం కౌంటర్ దగ్గర నిలబడి మాట్లాడుతూనే ఉంటుంది, ఆ మాట వినడం నేర్చినవాళ్లు ఇంట్లో కూర్చునే ఉంటారు. నా ఆలోచన ఎటు తిరిగినా ఈ ఎడం దగ్గరికే వచ్చి ఆగుతోంది.

ఎడం ఎంతుందో చెప్పే లెక్కలు కొన్ని ఉన్నాయి. బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మంది అప్పటికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. వాళ్లలో వైద్యం అందనివారు, సమస్యను బట్టి, 70 నుంచి 92 శాతం. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆ పన్నెండింటిలో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. మా మరిది షాపు ముందు నిలబడే మనుషులను ఆ లెక్కలోకి కూడా ఎవరూ తీసుకోలేదన్నమాట.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే మొదలైంది. మన పొరుగున బళ్లారి జిల్లాలో చేసి చూసిన పద్ధతిని ఆధారం చేసుకుని 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. ఒక్కో జిల్లాకు సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కరు, నర్సు ఉండే జట్టు కావాలని రాసుకున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. మనసుకు వైద్యం పొందడం ప్రతి మనిషికీ హక్కని అందులో ఉంది. 2022 అక్టోబర్ 10న టెలీ మానస్ మొదలైంది. 14416కు ఏ వేళప్పుడు ఫోన్ చేసినా అవతల తెలుగులో మాట్లాడే కౌన్సెలర్ ఉంటారు. ఇవన్నీ మంచి పనులే. ఈ పనులన్నిటికీ మనుషులు కావాలి. ఆ మనుషులను ఎలా పెట్టుకుంటున్నామన్న దగ్గరే నాకు బాధ. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్, ఏటేటా రెన్యువల్. రేపు తన కుర్చీ ఉంటుందో లేదో తెలియని మనిషిని కూర్చోబెట్టి, ఎదుటివాళ్లకు రేపటి మీద ధైర్యం చెప్పమంటున్నాం. ఇది న్యాయం కాదు. ఆ గదికి వచ్చేవాళ్లకూ న్యాయం కాదు. మనసు విప్పి ఒకరికి చెప్పుకున్నాక, మరుసటి నెలకు ఆ మనిషి మారిపోతే మళ్లీ మొదటి నుంచి చెప్పుకునే ఓపిక ఎందరికి ఉంటుంది?

ఇక చదువు దారి. బీఏ సైకాలజీ పాసైనంత మాత్రాన కౌన్సెలింగ్ గది తెరిచి కూర్చోకూడదు. డిగ్రీ మూడేళ్లు, ఎంఏ గానీ ఎంఎస్సీ గానీ రెండేళ్లు, ఆ తర్వాత ఆస్పత్రిలో రోగుల మధ్య శిక్షణ ఇచ్చే ఎంఫిల్ రెండేళ్లు. అన్నీ దాటి, 1992 చట్టం కింద ఏర్పడిన రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ఎక్కితేనే క్లినికల్ సైకాలజిస్టు. అంటే ఏడేళ్లు. ఎంఫిల్ సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఆ దారి కూడా ఇప్పుడు కదులుతోంది. 2020 జాతీయ విద్యావిధానం ఎంఫిల్‌ను ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 ప్రవేశాల వరకు యూజీసీ గడువిచ్చింది. దాని స్థానంలో కొత్త కోర్సులు వస్తున్నాయి. క్లినికల్ కాని సైకాలజిస్టులను 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి తెచ్చారు. ఒక పిల్ల చదువులో చేరినప్పుడు ఉన్న నిబంధనలు ఆమె పాసయ్యేసరికి ఉండడం లేదు. మా పిల్ల భయంలో పెద్ద భాగం ఇదే. కష్టపడను అని ఆమె ఎప్పుడూ అనలేదు. ఎటువైపు కష్టపడాలో ఎవరూ గట్టిగా చెప్పడం లేదంటుంది.

ఆమె స్నేహితురాలి సంగతి ఇంకా కష్టం. డిగ్రీ అయ్యాక ఏదైనా ఉద్యోగం చూసుకుని, ఇంటికి కొంత పంపుతూ, దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేద్దామనుకుంది. 2025 జులై-ఆగస్టు విడత నుంచి సైకాలజీని దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. ఆ నిర్ణయంలో సబబు లేదనను. దుఃఖంలో ఉన్న మనిషి ఎదురుగా కూర్చోవడం పోస్టులో వచ్చిన పుస్తకాలు చదివి అబ్బేది కాదు. ఒకరి కళ్లెదుట చేసి, దిద్దించుకుని నేర్చుకోవాలి. కానీ పేదింటి పిల్లకు తెరిచి ఉన్న తలుపు మూసేటప్పుడు ఇంకో తలుపు తెరవాలి. స్టైపెండ్ ఇవ్వాలి, జిల్లా కేంద్రాల్లో సీట్లు పెంచాలి. లేకపోతే ఇది ఇంట్లో సంపాదించేవాళ్లున్న పిల్లలు మాత్రమే చదువుకోగల చదువైపోతుంది. అప్పుడు మా మరిది షాపు దగ్గర నిలబడే ఆమె భాష, ఆమె ఇల్లు, ఆమె కష్టం ఎరిగినవాళ్లు ఆ కుర్చీలో ఎప్పటికీ కూర్చోరు.

ఆడపిల్ల విషయంలో ఏడేళ్ల చదువంటే మధ్యలో పెళ్లిమాట రాకుండా ఉండదు. ఇంట్లో ఇప్పటికే ఒకటి రెండుసార్లు వచ్చింది. మా చెల్లెలు ఆ మాటను అక్కడికక్కడే ఆపేసింది. అంతవరకు ఆ పిల్ల అదృష్టవంతురాలే.

ఒకరోజు రాత్రి ఫోన్లో తను చదివిన ఒక సంగతి చెప్పింది. అప్పటినుంచి అది నన్ను వదలడం లేదు. ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గర్లో మారియెంతాల్ అని చిన్న ఊరు. ఊరంతా ఒక్క బట్టల మిల్లు మీద ఆధారపడి బతికేది. 1929-30 ప్రాంతంలో మిల్లు మూతపడి, దాదాపు ప్రతి ఇంట్లోనూ పని పోయింది. కొందరు యువ పరిశోధకులు అక్కడికి వెళ్లారు. పాతబట్టలు పోగుచేసి పంచుతూ, వైద్యసాయం చేస్తూ, ఆ జనం రోజు ఎలా గడుస్తోందో రాసుకున్నారు. వాళ్ల పుస్తకం 1933లో వచ్చింది. వాళ్లలో ఒకామె మేరీ యహోదా. అప్పటికి ఆమె వయసు ఇరవయ్యారు. పని లేనివాళ్లకు బోలెడు తీరిక కదా, చదువుకుంటారు అనుకుంటాం. ఊరి గ్రంథాలయంలో రుసుము ఎత్తేసినా పుస్తకాలు తీసుకెళ్లడం సగానికి సగం పడిపోయింది. వీధిలో నడిచేవాళ్లను గడియారం పెట్టి చూశారు. మగవాళ్ల నడక మందగించింది. ఏ పనీ లేకపోయినా నాలుగడుగులకోసారి ఆగిపోతున్నారు. పొద్దుటి నుంచి ఏం చేశారో గంటగంటకూ రాయమంటే రాయడానికి వాళ్లకేమీ గుర్తు రాలేదు. ఉద్యోగం జీతం కాకుండా ఇంకా ఏమేమి ఇస్తుందో యహోదా తర్వాతి కాలంలో విడమరిచి రాసింది. రోజుకు ఒక క్రమం, ఇంటి గడప బయట మనుషులు, పదిమందితో కలిసి ఒక పని చేస్తున్నామన్న భావన, నలుగురిలో ఒక స్థానం, ఊరికే కూర్చోనివ్వని పని.

"నేను భయపడేది ఇదే పెద్దమ్మా. పైసలు ఒక్కటే అయితే ఏదో ఒకటి చేసుకుంటా" అంది.

ఆ మాట విన్నాక ఆమెకు వట్టి ధైర్యం చెప్పాలనిపించలేదు. తన భయం పేరేమిటో, అందులో ఏమేమి ఉన్నాయో ఆ పిల్లకు తెలుసు. ఇరవై ఏళ్లకు అంత తెలియడం చిన్న సంగతి కాదు. ఆ తెలివిడి ఈ చదువే ఇచ్చింది. నాకు మాత్రం అశోక్‌నగర్ గదులు గుర్తొచ్చాయి, చిక్కడపల్లి గ్రంథాలయం గుర్తొచ్చింది. నోటిఫికేషన్ కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసే మన పిల్లలు అక్కడ పొద్దున్నే వచ్చి కుర్చీలు పట్టుకుంటారు. మారియెంతాల్‌లో గ్రంథాలయం ఖాళీ అయింది, చిక్కడపల్లిలో నిండుతోంది. మన పిల్లలకు ఆశ ఇంకా ఉంది కాబట్టి నిండుతోంది. ఆ ఆశను ఎంతకాలం అలా కూర్చోబెడతాం అన్నదే నా దిగులు. వాళ్ల మధ్య ఒక సంవత్సరం గడిపి, యహోదా రాసినట్టు తెలుగులో రాసేవాళ్లు కావాలి. మా పిల్ల లాంటివాళ్లు రాయకపోతే అది ఎవరు రాస్తారు?

సైకాలజీ మన జనానికి తెలియని శాస్త్రమేమీ కాదు. బీఎడ్ చేసినవాళ్లందరం చదివాం. టెట్ పేపర్‌లో 150 మార్కులుంటే అందులో 30 శిశు వికాసం, బోధనకే. అవనిగడ్డ కోచింగ్ సెంటర్లలో, హైదరాబాద్ హాస్టళ్లలో వేలమంది పిల్లలకు థార్న్‌డైక్ పిల్లి, పావ్‌లోవ్ కుక్క, కోహ్లర్ పరిశీలించిన సుల్తాన్ అనే చింపాంజీ ఇంటి మనుషులంత పరిచయం. డీఎస్సీ కోసం బిట్లు బిట్లుగా చదివితే దాన్ని ఉద్యోగానికి దారి అంటున్నాం. అదే శాస్త్రాన్ని మూడేళ్లు నిదానంగా చదివితే దారి తప్పినట్టు చూస్తున్నాం. నవలల సంగతి చూసినా అంతే. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'ను తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవల అని పిల్లలకు నేనే ఎన్నో ఏళ్లు పాఠం చెప్పాను. ఆ నవలా నాయకుడు సీతారామారావు మనసులోని అలజడిని అర్థం చేసుకోగల పాఠకులు మనకు ఎనభై ఏళ్లుగా ఉన్నారు. అలాంటి మనిషి ఇంట్లో ఉంటే ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలన్నది మాత్రం ఇంకా మనలో చాలామందికి తెలియదు.

మనవాళ్లెవరైనా ఇది చదివి పైకొచ్చారా అని మా మరిది ఒకసారి అడిగాడు. చెప్పాను. కృష్ణా జిల్లాలో పుట్టిన కోనేరు రామకృష్ణారావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి.రైన్ దగ్గర పనిచేసి, తిరిగొచ్చి వాల్తేరులో సైకాలజీ, పారాసైకాలజీ విభాగాన్ని నిలబెట్టాడు. అదే విశ్వవిద్యాలయానికి ఆ తర్వాత వైస్ చాన్సలర్ అయ్యాడు. పారాసైకాలజీతో అందరూ ఏకీభవించరు, నేనూ పూర్తిగా ఏకీభవించను. కానీ ఆ కాలంలో ఒక పల్లెటూరి మనిషి ఆ దారిని ఎంచుకోవడం నాకు గొప్పగానే అనిపిస్తుంది. మైసూరులో సైకాలజీ ప్రొఫెసర్ ఎం.వి.గోపాలస్వామి 1935లో తన ఇంట్లో చిన్న రేడియో కేంద్రం పెట్టాడు. దాని పేరు ఆకాశవాణి. మనం చిన్నప్పటి నుంచి విన్న ఆ పేరు ఒక సైకాలజీ మాస్టారి ఇంటి నుంచి వచ్చింది. సుధీర్ కకర్ అయితే మొదట చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. ఆయన అహ్మదాబాద్‌లో ఎరిక్ ఎరిక్సన్‌ను కలిశాక మనసు శాస్త్రం వైపు మళ్లి, భారతీయుల మనసు గురించి జీవితమంతా రాశాడు. మా మరిది అంతా విని, "పెద్దోళ్ల ముచ్చట వేరు వదినా, మామూలు పిల్లకు నెలనెలా జీతం కావాలె గదా" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. గొప్పవాళ్ల జీవితాలు చూసి ధైర్యం తెచ్చుకోవచ్చు గానీ, హాస్టల్ ఫీజు కట్టలేం.

అందుకని మామూలు మనుషులు ఎక్కడ పనిచేస్తున్నారో చూద్దామని నేనూ ఆ పిల్లా కూర్చుని మాట్లాడుకున్నాం. ఎక్కడో వెతకాల్సిన పని లేకపోయింది. కాజీపేట రైల్వే కాలనీలో అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష రాసిన ఏ కుర్రాణ్ని అడిగినా 'సైకో టెస్ట్' గురించి చెబుతాడు. ఒక్కో భాగంలోనూ కనీసం 42 టీ-స్కోరు రావాలి, ఒక్కదాంట్లో తగ్గినా ఇంటికే. ఆ పరీక్షను తయారుచేసింది లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థలో ఉన్న మనస్తత్వ నిపుణులు. వెనక వందలమందిని పెట్టుకుని రాత్రంతా రైలు నడిపే మనిషి చూపు, ధ్యాస ఎంతసేపు నిలుస్తాయో కొలిచే పని అది. సైన్యంలో ఆఫీసరు కావాలనుకునేవాళ్లు సర్వీస్ సెలక్షన్ బోర్డులో పన్నెండు బొమ్మలకు కథలు రాస్తారు, ఆఖరిది ఖాళీ కాగితం. ఆ కథలు చదివేది సైకాలజిస్టే.

సదరం క్యాంపు సంగతి నాకు ముందే తెలుసు, మా స్కూలు పిల్లల తల్లులతో పాటు వెళ్లేదాన్ని. బుద్ధి ఎదగని బిడ్డను చంకనేసుకుని తెల్లవారకముందే బస్సెక్కి వస్తారు. వైకల్యం కనీసం 40 శాతం అని సర్టిఫికెట్‌లో పడితేనే పింఛను. ఆ అంకె వెనక సైకాలజిస్టు చేసే పరీక్ష ఉంటుంది. ప్యారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే 1905లో బడిపిల్లల కోసం తయారుచేసినదాన్ని వి.వి.కామత్ 1934లో మన దేశపు పిల్లలకు తగినట్టు మార్చాడు. ఆ బినే-కామత్ పరీక్ష ఇప్పటికీ వాడుకలో ఉంది. బిడ్డ చేత ఆ పరీక్ష చేయించాలంటే ముందు బిడ్డకు భయం పోవాలి. కొత్త గది, కొత్త మనిషి, ఆకలి, నిద్ర. అవన్నీ గమనించి, ఆగి, నవ్వించి, అప్పుడు అడగాలి. హడావుడిగా చేస్తే తప్పుడు అంకె వస్తుంది. ఆ అంకెతో ఒక కుటుంబం ఏళ్లతరబడి బతకాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థలో ఇలాంటి పిల్లల కోసం పనిచేసేవాళ్లకు శిక్షణ ఇస్తున్నారు. మా పిల్ల ఆ సంస్థ పేరు తన నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకుంది.

నా క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు. కథ చెప్పమంటే క్లాసంతా నోరు తెరుచుకుని వినేది. అదే కథ పుస్తకంలోంచి చదవమంటే అక్షరాలు తడబడేవి, చెమటలు పట్టేవి. చదవడంలో కొందరు పిల్లలకు ఉండే ఈ ఇబ్బందిని 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. పరీక్షల్లో వాళ్లకు అదనపు సమయం కూడా ఉంది. ఆ అబ్బాయి అప్పటికే బడి మానేసి మేస్త్రీ పనికి వెళ్లిపోయాడు. మా మండలం మొత్తానికి ఒక్క సైకాలజిస్టు ఉండి, నెలకోసారి మా బడికి వచ్చి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

మిగతావి త్వరగానే చెప్పేస్తాను. సఖి కేంద్రాలు, హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం, ఫ్యామిలీ కోర్టులు, డీఅడిక్షన్ సెంటర్లు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, ఘోరమైన నేరంలో దొరికిన పదహారు దాటిన పిల్లవాడి మానసిక స్థితిని అంచనా వేయడంలో బోర్డుకు సాయపడే పని. ఐటీ కంపెనీల్లో హెచ్‌ఆర్, యాప్ వాడేవాళ్లు ఎక్కడ తికమకపడుతున్నారో చూసే ఉద్యోగం. మాస్టర్స్ లేకుండా వీటిలో చాలావాటికి వెళ్లలేరు. వెళ్లినా మొదట్లో జీతం తక్కువే. ఈ సంగతి పిల్లకు దాచకుండా చెప్పాను.

అన్నిటికంటే నన్ను కదిలించింది సుప్రీంకోర్టు తీర్పు. 2023లో విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి చనిపోయింది. పదిహేడేళ్లు. ఆ కేసులో 2025 జులై 25న కోర్టు దేశానికంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకుమించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒక్కరైనా ఉండాలంది. అంతకన్నా తక్కువ మంది ఉన్నచోట బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలంది. తెలుగు నేల మీద ఎన్ని కార్పొరేట్ కాలేజీలున్నాయో, ఎన్ని రెసిడెన్షియల్ హాస్టళ్లున్నాయో ఒకసారి తలచుకుంటే చాలు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చిన రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు పోయారు. అప్పుడు పేపరు తెరవాలంటే చేతులు వణికేవి. ఆ పిల్లలకు ఫలితం చూసుకున్న గంటలో పక్కన కూర్చునే మనిషి ఒకరు కావలసింది. ఇప్పుడు కోర్టు ఆ మనిషిని పెట్టమంటోంది. ఇంతకాలం అవసరంగా మాత్రమే ఉన్నది ఉద్యోగంగా మారడానికి ఇంత స్పష్టమైన ఆదేశం ఇంతకుముందు నాకు కనబడలేదు.

ఆదేశం రాగానే పోస్టులు నిండిపోతాయని నమ్మేంత అమాయకురాలిని కాను. ఉన్న లెక్చరర్‌కే రెండురోజుల శిక్షణ ఇప్పించి కౌన్సెలర్ అని బోర్డు తగిలించే కాలేజీలు ఉంటాయి. అలా జరగకుండా తల్లిదండ్రులు అడగాలి. ఫీజు కట్టే రోజున, ఏసీ ఉందా, ర్యాంకులెన్ని అని అడిగే నోటితోనే, "మీ కౌన్సెలర్ ఏం చదివారు, వారానికి ఎన్ని రోజులుంటారు" అని అడగాలి. ఇలా అడిగే తల్లిదండ్రులు పెరిగినకొద్దీ మా పిల్ల లాంటివాళ్లకు కుర్చీలు పెరుగుతాయి. ఇదంతా ఇరవై ఏళ్ల పిల్ల ఒక్కతే హాస్టల్ గదిలో కూర్చుని మోయాల్సిన బరువు కాదు. కుర్చీ ఎక్కడ ఉంది అని ఆమెను అడుగుతున్న మనమే ఆ కుర్చీ వేయించాల్సినవాళ్లం.

ఇదంతా పోయిన ఆదివారం మా చెల్లెలింట్లో మా మరిదితో మాట్లాడాను. పిల్ల కూడా సెలవుకు వచ్చి ఉంది. ఏడేళ్ల లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఎంఏ ఎక్కడ, ఎంట్రెన్స్ ఎప్పుడు, ఫీజు ఎంత, ఆ రెండేళ్లలో పార్ట్‌టైమ్‌గా ఏం చేయొచ్చు, ఆ తర్వాతి కోర్సులో సీటు రాకపోతే ఏమిటి. సీటు రాకపోతే ఏమిటన్న దగ్గర చాలాసేపు ఆగాం. స్కూల్ కౌన్సెలింగ్ వైపు వెళ్లొచ్చు, స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బీఎడ్ చేయొచ్చు, టెలీ మానస్ లాంటిచోట ప్రయత్నించొచ్చు అని పిల్ల తనే చెప్పింది. తన దగ్గర ఇంత ఆలోచన ఉందని వాళ్ల నాన్నకు అప్పటిదాకా తెలియదు. ముందుగా ఈ ఎండాకాలంలో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు పెడతానంది.

ఎర్రగడ్డ అనగానే మా చెల్లెలు తలెత్తి చూసింది. మా మరిది ఆ కాగితం వైపే చూస్తూ కొంతసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అమీర్‌పేట హాస్టల్ నుంచి అక్కడికి ఎట్ల పోతవు?" అని అడిగాడు.

"మెట్రోల పోతా నాన్నా. మూడో స్టేషనే."

"పొద్దున ఎన్ని గంటలకు ఉండాలె?"

తొమ్మిదికల్లా అంటారట అని చెప్పింది. అట్లయితే టిఫిన్ చేసి పోవడానికి వీలు కాదేమో, హాస్టల్ వాళ్లతో ఒకసారి మాట్లాడాలె అన్నాడు ఆయన.